అలసిన గుండెకు తగిన మందు

గ్రామమున ఎవరికైన జబ్బు చేసి, పట్టణమునకు పోయి వైద్యుని చీటితో తిరిగివచ్చినప్పుడు, ఆ చీటిని మొదట చదువువారు ఆ యూరి పెద్దలే. "ఈ బిళ్ల వాడుము" అని పెద్దమనిషి చెప్పిన వాడుదురు. "ఇది నీ యొంటికి పడలేదు, మానుము" అనిన మానుదురు. నేను హైదరాబాదు నగరమున బషీర్‌బాగులో నలువది సంవత్సరములుగా వైద్యము చేయుచున్నవాడను. గుండెజబ్బు రోగి ప్రాణము కొంత నా కలములోను, కొంత తమ నోటిమాటలోను ఉన్నదని ఇన్నేండ్లలో నేను తెలిసికొంటిని. అందుచేత నేడు ఒక్క మందుజాతిని గూర్చి తమతో మాటలాడదలచితిని. బలము తగ్గిన గుండెకు వైద్యులిచ్చు ఆ మందులకు బీటా బ్లాకర్లని పేరు. వానిలో ఏది యీయవలెను, ఎవరికీయవలెను, ఎట్లు వాడవలెను అనునదియే నేటి విషయము.

ముందుగా నేను నివసించు పేటను గూర్చి రెండు మాటలు చెప్పెదను. అవి విషయమునకు దూరమైనవి కావు. బషీర్‌బాగను పేరు పైగా వంశీయుడగు నవాబు సర్ ఆస్మాన్ జా గారి తోట వలనను మహలు వలనను వచ్చినది. ఆయన బిరుదములలో బషీరుద్దౌలా యనునది యొకటి. మహలు నేడు లేదు. పేరు మాత్రము నిలిచినది. ఆయన నిజాం సర్కారున ప్రధానమంత్రిగా నుండిన కాలముననే, 1888, 1889 సంవత్సరములలో, ఈ నగరమున గుండెను గూర్చి లోకప్రసిద్ధమైన పరిశోధన జరిగినది. ఆ దినములలో శస్త్రచికిత్సకు ముందు మత్తు కలిగించుటకు క్లోరోఫారము వాసన చూపెడివారు. కొందఱు రోగులు ఆ మత్తులోనే హఠాత్తుగా మరణించుచుండిరి. మొదట ఆగునది గుండెయా, ఊపిరియా యని వైద్యులలో పెద్ద తగవు పుట్టెను. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతియగు ఎడ్వర్డు లారీ దొర, ఊపిరియే మొదట ఆగునని వాదించెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయము చేయగా, లండను నుండి లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుడు వచ్చెను. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగములు చేసి, ఊపిరిని కనిపెట్టి యుండిన చాలును, గుండెను గూర్చి భయపడనక్కఱలేదని తీర్పు చెప్పిరి.

ఆ తీర్పు నిలువలేదు. 1911లో ఇంగ్లాండున లెవీ యను వైద్యుడు పిల్లులపై ప్రయోగించి, క్లోరోఫారము మత్తు తేలికగా నున్న స్థితిలో అడ్రినలిను అను రసము తోడైనచో గుండె ఉన్నట్టుండి లయ తప్పి ఆగునని చూపెను. హైదరాబాదు ప్రయోగములు లెక్కకు చాలనే యున్నవి. కాని, రోగులు ఏ స్థితిలో చనిపోవుచుండిరో ఆ స్థితిని అవి సరిగా పరీక్షింపలేదు. ఈ కథ నుండి రెండు మాటలు గుర్తుంచుకొనుడు. అడ్రినలిను గుండెకు మేలును చేయగలదు, కీడును చేయగలదు. ఇది మొదటి మాట. ఒక మందు మంచిదా చెడ్డదా యనునది తర్కము వలన తేలదు, ఏ రోగులకు ఆ మందు కావలెనో ఆ రోగులలోనే బ్రతికినవారిని, పోయినవారిని లెక్కించిన గాని తేలదు. ఇది రెండవ మాట.

ఇక జబ్బును గూర్చి చెప్పెదను. డాక్టర్లు హార్టు ఫెయిల్యూరు అనగానే, గుండె ఆగిపోయినదని ఇంటివారు ఏడ్వ మొదలు పెట్టుదురు. ఆ మాటకు అర్థమది కాదు. గుండె కొట్టుకొనుచునే యుండును. శరీరమునకు కావలసినంత రక్తమును నెట్టు శక్తి దానికి తగ్గినదని మాత్రమే దాని యర్థము. మునుపు వచ్చిన గుండెపోటు, ఏండ్ల తరబడి అదుపులేని రక్తపుపోటు, కవాటముల జబ్బు, మితిమీరిన మద్యపానము, కొన్ని అంటువ్యాధులు దీనికి కారణములు. నాలుగడుగులు వేయగానే ఆయాసము వచ్చుట, వెల్లకిల పండుకొనిన ఊపిరి ఆడకుండుట, నడిరాత్రి లేచి కూర్చుండవలసి వచ్చుట, పాదములు వాచుట, కొద్ది దినములలోనే బరువు పెరుగుట దీని లక్షణములు.

ఈ జబ్బులో రెండు తెగలు కలవు. ఎకో యను పరీక్షలో గుండె తనలోని రక్తమును నూటికి ఎంత వంతు బయటికి నెట్టుచున్నదో చూచెదరు. ఆరోగ్యవంతునకు ఆ లెక్క సామాన్యముగా 55కు పైగా నుండును. 40 గాని అంతకు తక్కువ గాని యున్నచో గుండె కండ బలహీనపడినదని యర్థము. కొందఱికి లెక్క బాగుగానే యుండియు, గుండె బిగుసుకొని పోయినందున ఆయాసము వచ్చును. బీటా బ్లాకర్లు ఆయువును పెంచునని రుజువైనది మొదటి తెగవారికే. కావున ఎకో కాగితము చూడక ఈ మందును ఎన్నుట చీకటిలో బాణము వేయుట వంటిది.

గుండె బలము తగ్గినప్పుడు శరీరమేమి చేయును? మన పల్లెలలో మోటబావులు నడచిన కాలము తమలో పలువురకు జ్ఞాపకముండును. ఎద్దులు అలసిపోయి బొక్కెన మెల్లగా పైకి వచ్చుచున్నప్పుడు, మడి ఎండుచున్నదను తొందరలో మోట తోలువాడు ముల్లుగఱ్ఱకు పని చెప్పును. ఎద్దులు రెండు మూడు మార్లు త్వరగా నడచును, నీరు పారును. ఆ విధముగా దినదినమును పొడిచిన, ఆ యెద్దులు సంవత్సరము తిరుగకమునుపే మూలబడును. మన శరీరమును అట్లే చేయును. రక్తము చాలలేదని తెలియగానే అడ్రినలినును, దాని తోబుట్టువు వంటి నారడ్రినలినును విడుదల చేసి గుండెను పొడిచి పరుగెత్తించును. గాయము తగిలినప్పుడో, పామును చూచి పరుగెత్తునప్పుడో యది ప్రాణరక్షణము. నెలల తరబడి, ఏండ్ల తరబడి సాగినచో గుండె కండ క్రమముగా చెడి, సాగి, లయ తప్పును. హఠాన్మరణములు పెక్కు ఇట్లే సంభవించును.

1948లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు రేమండ్ ఆల్‌క్విస్టు, అడ్రినలిను వచ్చి తాకు స్థానములు శరీరమున రెండు విధములుగా నున్నవని ప్రకటించి, వానికి ఆల్ఫా, బీటా యని పేర్లు పెట్టెను. అవి గ్రీకు అక్షరమాలలో మొదటి రెండు అక్షరములు. గుండెను పరుగెత్తించునది బీటా స్థానము. స్కాట్లండు దేశస్థుడగు జేమ్సు బ్లాకు ఆ స్థానమును మూసివేయు మందును వెదకి ప్రొప్రనొలాలును సాధించెను. 1964లో అది వైద్యలోకమునకు తెలిసెను. తాళపు రంధ్రమున వేఱొక చెవిని దూర్చి విడిచిన, అసలు చెవి లోనికి పోదు గదా. ఈ మందు చేయు పనియు అట్టిదే. 1988లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ప్రొప్రనొలాలు గుండెనొప్పికిని, రక్తపుపోటుకును వాడుకలోనికి వచ్చెను. బలహీనమైన గుండెకు మాత్రము దీనిని ఈయరాదని వైద్యులందఱు ఏకకంఠముగా చెప్పుచుండిరి. వారి తర్కము చూచుటకు చక్కగనే యున్నది: గుండె యిదివఱకే నీరసించినది, ఉన్న ముల్లుగఱ్ఱను కూడ లాగివేసిన ఆ యెద్దు అక్కడనే కూలబడదా? నేను విద్యార్థిగా నున్నప్పుడు పరీక్షలో ఈ ప్రశ్న వచ్చినది. "ఎన్నటికిని ఈయరాదు" అని వ్రాసి పూర్తి మార్కులు తెచ్చుకొంటిని. నేడు ఆ మార్కులు తిరిగి యీయవలసినవే.

ఏలయనగా, స్వీడను దేశమున గోటెబోర్గు నగరపు వైద్యులు, ఫిన్ వాగ్‌స్టీన్ మొదలగువారు, 1975లో ఏడుగురు రోగుల సంగతి ప్రకటించిరి. ఏడుగురకును గుండె కండ బాగుగా చెడినది. నాడి వేగముగా నున్నది. వారికి బీటా బ్లాకరును మెల్లమెల్లగా ఇచ్చిరి. కూలబడవలసిన గుండెలు కోలుకొనినవి. 1980లో ఆ నగరపు వైద్యులే, ఇట్లు కోలుకొన్నవారికి మందు మాన్పించిన కొందఱి స్థితి మరల దిగజారినదని కూడ చూపిరి. ఐనను ఏడుగురి కథను లోకము నమ్మదు, నమ్మరాదు కూడ. పెద్ద లెక్క కావలసియుండెను. అది వచ్చుటకు ఇరువదియేండ్లు పైగా పట్టినది.

ఆ లెక్కలను ఓపికతో వినుడు. 1999లో ప్రకటితమైన ఒక పరీక్షలో 2,647 మంది రోగులలో సగము మందికి బైసొప్రొలాలును, తక్కిన సగమునకు మందులేని ఉత్తబిళ్లను ఇచ్చిరి. సుమారు సంవత్సరము మూడు నెలలలో ఉత్తబిళ్ల వారిలో నూటికి 17 మంది, మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 12 మంది మరణించిరి. ఆ సంవత్సరముననే 3,991 మందితో జరిగిన వేఱొక పరీక్షలో మెటొప్రొలాలు సక్సినేటును పరీక్షించిరి: ఉత్తబిళ్ల వారిలో 217 మరణములు, మందు వారిలో 145. 2001లో ఎంతయు క్షీణించిన గుండెలు గల 2,289 మందికి కార్వెడిలాలును పరీక్షించిరి: ఒక ప్రక్క 190 మరణములు, మఱియొక ప్రక్క 130. ఈ మూడు పరీక్షలను అనుకొన్న గడువునకు ముందే ఆపివేసిరి. మేలు అంత స్పష్టముగా కనబడిన తరువాత సగము మందికి ఉత్తబిళ్ల ఇచ్చుట ధర్మము కాదని తోచుటయే కారణము. మూట కట్టి చెప్పవలెనన్న, పోవలసిన ముగ్గురిలో ఒకరిని ఈ మందు నిలిపినది.

ఇక్కడ నా తప్పు నొకదానిని చెప్పవలసియున్నది. 2000వ సంవత్సరమున నా యొద్దకు పింఛను పుచ్చుకొను బడిపంతులు ఒకరు వచ్చుచుండెను. గుండె బలహీనము, నాడి నిమిషమునకు నూఱు. పైన చెప్పిన మొదటి రెండు పరీక్షలను నేను చదివియే యున్నాను. కాని చిన్ననాడు నేర్చిన పాఠము నా చేతిని పట్టుకొనెను. "ఈయగానే ఏమైన జరిగినచో?" అని భయపడి, వచ్చే నెలలో చూతమనుచు గడిపితిని. ఆయన ఆ సంవత్సరము దాటలేదు, నిద్రలోనే పోయెను. మందు ఇచ్చియుండిన బ్రతికెడివాడని నేను ప్రమాణము చేయజాలను. ఈయకుండుటకు నా భయము తప్ప వేఱు కారణము లేకుండెనని మాత్రము చెప్పగలను. నేను వ్రాయు ప్రతి చీటిపైనను ఆ పంతులుగారు నాకు జ్ఞాపకము వచ్చుచుందురు.

ఇక ఎంపిక. బీటా బ్లాకర్లలో ఏదైన నొకటే గదా యని తలచుట పెద్ద పొరపాటు. 1990లో క్జామొటెరాల్ అను మందును తీవ్రమైన జబ్బు కలవారికి ఇచ్చి చూడగా, మందు పుచ్చుకొన్నవారిలోనే మరణములు అధికమైనవి. ఆ మందు బీటా స్థానమును మూయుటయే గాక కొంత పొడుచునట్టిది. తర్కమునకు అది మంచిదిగనే తోచినది, లెక్కకు నిలువలేదు. 2001లో బుసిండొలాల్ అను మందును 2,708 మందిలో పరీక్షింపగా మరణములు నిశ్చయముగా తగ్గినవని రుజువు కాలేదు. కావున బలహీనమైన గుండె గలవారిలో మరణములను తగ్గించునని రుజువైన పేర్లు మూడే: బైసొప్రొలాల్, కార్వెడిలాల్, మెటొప్రొలాల్ సక్సినేట్. వీనికి తోడు నెబివొలాల్ అను నాలుగవ మందును డెబ్బది యేండ్లు, అంతకు పైబడిన 2,128 మందిలో పరీక్షించి 2005లో ఫలితము ప్రకటించిరి. మరణమును, గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరుటను కలిపి లెక్కింపగా తగ్గినవి. మరణములను మాత్రమే వేఱుగా లెక్కించిన తగ్గుదల నిశ్చయముగా తేలలేదు. అందుచే వృద్ధులలో వాడదగినదే యైనను, మొదటి మూటికి సమానమని చెప్పరాదు.

మన పల్లెలలో రక్తపుపోటుకు అటెనొలాల్ అను బిళ్లను వాడువారు పెక్కుమంది కలరు. అదియు బీటా బ్లాకరే. కాని బలహీనమైన గుండెకు దానిని ఆ మూడు మందుల వలె పరీక్షించి రుజువు చేయలేదు. అట్టివారికి గుండె బలము తగ్గినట్లు ఎకోలో తేలినచో, "ఈ బిళ్ల యిదివఱకే వాడుచున్నాను గదా" యని ఊరకుండక, డాక్టరుకు చూపి మందు మార్పించుకొనవలెను.

మెటొప్రొలాల్ విషయమున ఇంకొక చిక్కు గలదు. ఆ పేరుతో రెండు లవణములు అమ్మబడును: సక్సినేటు ఒకటి, టార్ట్రేటు ఒకటి. సక్సినేటు బిళ్ల ఇరువది నాలుగు గంటలు నెమ్మదిగా కరగునట్లు చేయబడినది. టార్ట్రేటు కొద్ది గంటలలోనే దిగిపోవును. రుజువైనది సక్సినేటుకు. 2003లో ప్రకటితమైన పరీక్షలో 3,029 మందికి కార్వెడిలాలును టార్ట్రేటును పోల్చి, సుమారు ఐదేండ్లు కనిపెట్టిరి. కార్వెడిలాల్ వారిలో నూటికి 34 మంది, టార్ట్రేటు వారిలో నూటికి 40 మంది మరణించిరి. నా రోగి యొకనికి నేను సక్సినేటు వ్రాయగా, అంగడిలో "అదే మందు" అని టార్ట్రేటు ఇచ్చిరి. మూడు నెలలు అదియే మ్రింగెను. పాత షీటును జేబులో పెట్టుకొని వచ్చుటచేత బయటపడినది. కాబట్టి తమరు చీటి చదువునప్పుడు మెటొప్రొలాల్ అను మొదటి మాటతో ఆగక, దాని తరువాతి మాటను కూడ చీటితోను షీటుతోను సరిచూడుడు. సక్సినేటు బిళ్లను నమలరాదు, నూఱరాదు. గీత యున్న చోట డాక్టరు చెప్పిన సగము చేయవచ్చును.

మూడింటిలో ఎవరికి ఏది? రక్తపుపోటు తక్కువగా నుండి, లేచి నిలువగానే కన్నులు చీకట్లు క్రమ్మువారికి బైసొప్రొలాలో, మెటొప్రొలాల్ సక్సినేటో అనుకూలము. కార్వెడిలాల్ ఆల్ఫా స్థానమును కూడ మూసి రక్తనాళములను వదులు చేయును, పోటు తగ్గును. ఆ గుణముచేతనే రక్తపుపోటు హెచ్చుగా నున్నవారికి అది మంచిది. కార్వెడిలాలును దినమునకు రెండు మార్లు, అన్నముతో పాటు పుచ్చుకొనవలెను. తక్కినవి సామాన్యముగా దినమునకు ఒక్కమారు. పొలము పనిలో రెండవపూట బిళ్ల మఱచువారికి ఒక్కపూట మందే మేలు.

బీడీ, చుట్ట, పొయ్యి పొగల వలన ఊపిరితిత్తులు చెడినవారికి ఈ మందు పనికిరాదని పూర్వము అనుచుండిరి. ఇప్పుడట్లు కాదు. బైసొప్రొలాల్, మెటొప్రొలాల్ గుండెలోని బీటా స్థానమునే యెక్కువగా మూయును గాన, జాగ్రత్తతో ఈయవచ్చును. నిజమైన ఉబ్బసము కలవారి సంగతి వేఱు. వారికి కార్వెడిలాల్ తగదు. తక్కినవి ఈయవలసి వచ్చినను గుండెనిపుణుని కనుసన్నలోనే జరుగవలెను. మధుమేహము కలవారికి ఈ మందులు నిషిద్ధములు కావు. వారిలో కార్వెడిలాల్ రక్తములోని చక్కెరను చెడగొట్టదని 2004లో జరిగిన ఒక పరీక్ష చూపినది. ఇన్సులిను వాడువారు ఒకటి గుర్తెఱుగవలెను: చక్కెర మితిమీరి తగ్గినప్పుడు సామాన్యముగా వచ్చు గుండెదడ, వణకు ఈ మందు వలన మరుగుపడవచ్చును. చెమట పట్టుట మాత్రము తెలియును, దానిని నమ్ముకొనవలెను.

నాడి నిమిషమునకు 50 కంటె తక్కువగా నున్నను, గుండెలోని విద్యున్మార్గమున అడ్డంకి యున్నను మందు మొదలు పెట్టరాదు, ఇ.సి.జి. తీయనిదే ఆ సంగతి తెలియదు. వెరపమిల్, డిల్టియాజెమ్ అను మందులను వాడువారు ముందుగా చెప్పవలెను. అవి రెండును బలహీనమైన గుండెకు మంచివి కావు. బీటా బ్లాకరుతో కలిసిన గుండెను మితిమీరి మెల్లగింపజేయును. కంటిలో నీటికాసుల జబ్బునకు టిమొలాల్ చుక్కలు వేసికొనువారును చెప్పవలెను. కంటిలో వేసిన చుక్క గుండెకేమి చేయునని నవ్వవలదు. టిమొలాల్ కూడ బీటా బ్లాకరే, కొంత రక్తములో కలియును.

ఎంపిక ఎంత ముఖ్యమో, మొదలు పెట్టు తీరు అంత ముఖ్యము. ఒంట నీరు నిండి, వాపు, ఆయాసము ముమ్మరముగా నున్నప్పుడు ఈ మందు క్రొత్తగా ఆరంభింపరాదు. ముందు నీటిని తీయు మందులతో రోగిని తేటపఱచవలెను. అటుపిమ్మట మిక్కిలి చిన్న మోతాదుతో మొదలు. బైసొప్రొలాల్ 1.25 మిల్లీగ్రాములు; కార్వెడిలాల్ 3.125 మిల్లీగ్రాములు రెండుపూటల. మెటొప్రొలాల్ సక్సినేట్ 12.5 గాని 25 గాని. రెండు వారములకు తక్కువ గాకుండ ఆగి, ఓర్చుకొన్నచో రెట్టింపు చేయుచు పోవలెను. చేరవలసిన గట్టు బైసొప్రొలాలుకు 10, కార్వెడిలాలుకు 25 రెండుపూటల, సక్సినేటుకు 200 మిల్లీగ్రాములు. అందఱును ఆ గట్టు చేరలేరు. ఎంత వఱకు ఓర్చిన అంత వఱకే. చిన్న మోతాదైనను మానుట కంటె మేలు. ఈ అంకెలు తమరు స్వయముగా వైద్యము చేయుటకు చెప్పలేదు. మొదటి చీటిలో అంత చిన్న బిళ్ల యేల వ్రాసిరో, నెలనెల ఏల పెంచుచున్నారో తమకు తెలియుటకై చెప్పితిని.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇది. ఈ మందు మొదటి వారములలో సుఖమునీయదు. కొందఱికి నీరసము, తల తిరుగుట, కొంచెము ఆయాసము పెరుగుట కలుగును. మేలు కనబడుటకు రెండు మూడు నెలలు పట్టును. పొడుచుట మానిన యెద్దు మఱునాడే చుఱుకుగా నడవదు; కొన్నాళ్లు మేసి, పండుకొని, అటుపిమ్మట కోలుకొనును. నల్లగొండ ప్రాంతము నుండి వచ్చిన రైతు ఒకనికి ఎకో లెక్క 25 ఉండెను. బైసొప్రొలాల్ మొదలుపెట్టితిని. మూడవ వారమున అతనికి నిస్త్రాణ కలిగెను. ఊరిలో చదువుకొన్న పెద్ద ఒకాయన షీటు చూచి, "ఇది బి.పి. బిళ్ల, నీకు బి.పి. లేదు గదా, దీనితోనే నీరసము, మానివేయుము" అని సలహా ఇచ్చెను. ఆయన మాటలో దురుద్దేశము లేదు, దయయే యున్నది. పదిదినములకు ఆ రైతు కాళ్లు వాచి, ఊపిరి అందక, రాత్రివేళ నగరమునకు కొనిరాబడెను. బ్రతికెను. నీరు తీసి, మరల మొదటి మెట్టు నుండి ఆరంభించితిమి. సంవత్సరము తిరుగునప్పటికి ఎకో లెక్క 40కి వచ్చెను. తన పొలము గట్టు తానే నడచి చూచుకొనుచున్నాడు. ఆ పెద్దాయనయే ఇప్పుడు ఆ ఊర "మానవద్దు" అని చెప్పువారిలో మొదటివాడు.

కావున నా మనవి. ఈ బిళ్లను తమంతట తాము ఆపరాదు, ఒక్కసారిగా అసలే ఆపరాదు. ఏ కారణము చేతనైన కొన్నాళ్లు తప్పినచో పాత మోతాదుతో తిరిగి మొదలుపెట్టక డాక్టరును అడుగవలెను. స్పృహ తప్పినను, నాడి 50కి దిగినను, ఆయాసము హెచ్చినను, మూడు దినములలో రెండు కిలోల బరువు పెరిగినను ఆలస్యము చేయక ఆస్పత్రికి పంపవలెను. అట్టిచోట మోతాదు తగ్గించుటయా, నీటిమందు పెంచుటయా యనునది వైద్యుడు తేల్చును. చాలమార్లు నీటిమందును సరిచేసిన చాలును, బీటా బ్లాకరును విడువనక్కఱలేదు. ఈ మందు ఒంటరిది కాదనియు ఎఱుగుడు. రక్తనాళములను వదులు చేయు మందు, స్పైరొనొలాక్టోను వంటి మందు, మధుమేహమునకై వచ్చి గుండెకును మేలు చేయునని తేలిన గ్లిఫ్లోజిన్ జాతి మందు, ఈ నాలుగును కలిసి నేటి చికిత్స. ఉప్పు తగ్గింపక, పొగ మానక, ఏ బిళ్ల యైనను పూర్తిగా పనిచేయదు.

ఒక్క పని తమరు సులభముగా చేయగలరు. ఊరిలో ఈ జబ్బు కలవాని యింట ఒక కాగితము గోడకు అంటింపుడు. మందు పూర్తి పేరు, మోతాదు, ప్రతి ఉదయము బరువు, నాడి లెక్క దానిలో వ్రాయింపుడు. చదువురానివాని తరపున వారమునకు ఒకమారు తమరే చూడుడు. డాక్టరుకు ఆ కాగితము నూఱు మాటల పెట్టు.

బడిపంతులుగారి విషయమున నన్ను ఆపినది భయము. రైతు విషయమున అతనిని ఆపినది పెద్దల దయ. రెండును మంచి మనస్సు నుండి పుట్టినవే. రెండును లెక్కకు ఎదురుగా నిలిచినవే. ఇకమీద మీ ఊరివాడెవడైన షీటు చేతపట్టుకొని అరుగు మీదికి వచ్చి, "అయ్యా, దీనితో నీరసముగా నున్నది, మానవచ్చునా?" అని అడిగినచో, "మానవలదు, రేపు డాక్టరును అడిగి వత్తము, నేనును వచ్చెదను" అని చెప్పుడు. ఆ మాట చాలును.